పోలిక పట్టడం నేర్చుకుందాం – 5వ పాఠం: గంధం గొంతు, పీచు గొంతు (రెండు స్లాత్‌ల పోలిక)

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. దమ్ము చేస్తున్న చేను గట్టు మీద ఓ అరగంట నిలబడి, ట్రాక్టరు వెనకాల దిగే తెల్లకొంగలు ఎన్ని రకాలో రాసుకురమ్మన్నాను. నాకు చేరిన జవాబుల్లో సగానికి పైగా బాగున్నాయి. ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు అని రాసినవాళ్లందరికీ పూర్తి మార్కులు. అది చిన్న తెల్లకొంగ. బురదలోంచి కాలు పైకి తీసినప్పుడు చూడాలి దాన్ని. పేరంటానికి బయల్దేరిన ముత్తయిదువ పాదాలకి పసుపు రాసుకున్నట్టే ఉంటుంది. ముక్కు పసుపు, మెడ పొట్టి, గేదెల పక్కనే తిరిగేది గొడ్లకొంగ. ఇక్కడిదాకా ఎవరూ పెద్దగా తడబడలేదు.

అంబాజీపేట వైపు నుంచి ఒకాయన మాత్రం ఇంకో రకం కూడా ఉందని రాశారు. తల, మెడ, వీపు నారింజ రంగు, మిగతా ఒళ్లంతా తెలుపు. దానికి ‘కాషాయ కొంగ’ అని పేరు కూడా పెట్టారు. ఆయన చూసింది నిజం, తేల్చింది తప్పు. అది కొత్త రకం కాదు. గూడు కట్టే కాలంలో గొడ్లకొంగే ఆ రంగు వేసుకుంటుంది. ఆ కాలం దాటాక అదే కొంగ అదే గట్టు మీద మళ్లీ తెల్లగా కనబడుతుంది.

ఆయన్ని దెప్పే అర్హత నాకు లేదులెండి. ఇదే తప్పు నేను పాతికేళ్ల కిందట ఓ హాలు నిండా పిల్లల ముందు చేశాను. అప్పట్లో జువాలజీ చెప్పేవాణ్ణి. సైన్సు ప్రదర్శన కోసం నాలుగు రాత్రులు కూర్చుని ఒక చార్టు తయారు చేశాను. స్లాత్ అంటే మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో కొమ్మల్ని పట్టుకుని చాలా నెమ్మదిగా కదిలే జంతువు. పాత పత్రికల్లోంచి రెండు స్లాత్ బొమ్మలు కత్తిరించి అంటించాను. ఒకదాని వీపు మీద రూపాయి బిళ్లలు పరిచినంత మేర నారింజ మచ్చ, మధ్యలో నల్లటి చార. రెండోదానికి ఏమీ లేదు. మచ్చ ఉన్నదాని కింద ‘లేతగొంతు స్లాత్’ అనీ, లేనిదాని కింద ‘గోధుమగొంతు స్లాత్’ అనీ రంగు స్కెచ్‌లతో రాశాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది.

రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతి చాలాసేపు చార్టు ముందు నిలబడి, “సార్, ఇది మగదీ అది ఆడదీ కాదని ఎలా తెలిసిందండీ?” అంది.

నాకు నోట మాట రాలేదు. “ఆయ్... చూసి చెప్తానమ్మా” అని పక్కకి జరిగాను. ఆ రాత్రే పుస్తకం తీసి చూస్తే, రెండూ ఒకే జాతి. వీపు మీద మచ్చ ఉన్నది ఎదిగిన మగది, లేనిది ఆడది. చార్టు చుట్టి అటక మీద పడేశాను. తరవాత మా ఆవిడ దాన్ని దింపి ఆవకాయ జాడీల కింద పరిచింది.

ఈ పాఠం ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు. ‘మన లంకల్లో లేని జంతువు మనకెందుకండీ’ అనుకోవచ్చు. లేదు కాబట్టే ఎంచుకున్నాను. కొంగని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం, పోల్చకముందే సగం తెలిసిపోయినట్టు ఉంటుంది. ఎన్నడూ చూడని రెండు జంతువుల్ని పక్కపక్కన పెట్టినప్పుడు పద్ధతి తప్ప ఇంకో ఆసరా ఉండదు. ఈత నేర్చుకునేవాణ్ణి బోదెలోంచి కాలవలోకి దింపడం లాంటిదే ఇది.

మొదటి మెట్టు: ఇంటిపేరు సరిచూడండి

రెండు జీవుల్ని పోల్చేముందు, అవి పోల్చదగినవేనా అని చూసుకోవాలి. దగ్గరి బంధువులైతేనే చిన్న తేడాకి విలువ. ఏనుక్కీ ఎలక్కీ తేడాలు రాస్తే నోటుబుక్కు నిండుతుంది గానీ నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఫోన్లలో తిరిగే స్లాత్ వీడియోల కింద మనవాళ్లు చాలామంది ‘దేవాంగపిల్లి’ అని రాస్తారు. కాదు. దేవాంగపిల్లి మన దక్షిణాది అడవుల్లోనూ శ్రీలంకలోనూ ఉండేది, కోతుల వర్గానికి దగ్గరి చుట్టం. రెండూ నెమ్మదిగా కదులుతాయి, రెండూ కొమ్మల్ని పట్టుకుని ఉంటాయి, అంతే. స్లాత్‌కి అసలైన చుట్టాలు దక్షిణ అమెరికాలోని చీమలు తినే జంతువులు. నడక తీరు చూసి బంధుత్వం కలిపేస్తే ఇలాగే ఉంటుంది.

చదువుకున్నవాళ్లకీ ఈ పొరపాటు తప్పలేదు. మన ఎలుగుబంటి ఉంది చూశారూ, పొడవాటి వంకర గోళ్లు, పై దవడలో ముందు పళ్లు రెండు లోపం. 1791లో జార్జ్ షా అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఆ గోళ్లూ పళ్లూ చూసి, దాన్ని స్లాత్‌ల కుటుంబంలో వేసి ‘బ్రాడిపస్ అర్సినస్’ అని పేరు పెట్టాడు. తరవాత తప్పు దిద్దుకుని ఎలుగుల్లోకి తెచ్చారు గానీ, ఇంగ్లీషులో ఇప్పటికీ దాన్ని ‘స్లాత్ బేర్’ అనే అంటున్నారు. తప్పుడు పోలిక ఒకసారి పేరులో దూరిందంటే రెండు వందల ఏళ్లయినా ఊడదు.

స్లాత్‌లలోనే రెండు ఇళ్లు ఉన్నాయి. రెండువేళ్లవి, మూడువేళ్లవి. ఇక్కడ ఒక చిక్కు. వెనక కాళ్లకి రెండు ఇళ్లవాళ్లకీ మూడేసి గోళ్లే ఉంటాయి. తేడా ముందు చేతుల్లోనే. బొమ్మలో వెనక కాలు మాత్రమే కనబడుతుంటే నోరు మూసుకోవడం మేలు. చెయ్యి కనబడితే లెక్కపెట్టండి. రెండైతే ఈ పాఠంలో దానికి చోటు లేదు, పక్కన పెట్టెయ్యండి. దాని మూతి కాస్త ముందుకు సాగి ఉంటుంది. మూడువేళ్లదాని ముఖం గుండ్రం, మూతి చదును, పెదవుల చివరలు పైకి లేచి ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది. కోపంగా ఉన్నా అదే నవ్వు.

మూడువేళ్ల ఇంట్లో మన పాఠానికి కావలసినవి ఇద్దరు. ఒకటి గోధుమగొంతు స్లాత్, శాస్త్రీయ నామం బ్రాడిపస్ వేరిగేటస్. రెండోది లేతగొంతు స్లాత్, బ్రాడిపస్ ట్రైడాక్టైలస్. వీళ్ల మిగతా తోబుట్టువుల గురించి చివర్లో ఒక మాట చెప్తాను.

రెండో మెట్టు: ఉమ్మడి ఆస్తిని కొట్టెయ్యండి

నోటుబుక్కులో పేజీని నిలువునా రెండు భాగాలు చెయ్యండి. ఎడమ పక్క గోధుమగొంతు, కుడి పక్క లేతగొంతు. తెలిసిందల్లా రాయండి. రాశాక రెండు పక్కలా ఉన్నదాన్ని గీత పెట్టి కొట్టెయ్యండి. చాలామంది ఇక్కడే నీరసపడతారు, ఎందుకంటే ఆసక్తికరమైనవన్నీ కొట్టివేతలోనే పోతాయి.

మనిషికీ జిరాఫీకీ కూడా మెడలో ఎముకలు ఏడే. మూడువేళ్ల స్లాత్‌కి ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. అందుకే ఒళ్లు కదపకుండా తలని దాదాపు ముప్పావు చుట్టు తిప్పగలదు. ఎంత గొప్ప సంగతి! కానీ రెండు జాతులకీ ఉంది, కొట్టెయ్యండి. వారానికి ఒకసారి చెట్టు దిగి, చెట్టు మొదలు దగ్గర మలవిసర్జన చేసి మళ్లీ పైకి పాకడం, అదీ ఇద్దరిదీ. ముందు పళ్లు, కోరపళ్లు లేకపోవడం, చేతులు కాళ్లకంటే బాగా పొడవుగా ఉండడం, ఆకులే ఆహారం కావడం, తిన్నది అరగడానికి రోజులూ వారాలూ పట్టడం, ఒంటి వేడి మనకంటే తక్కువగా ఉండి బయటి ఎండని బట్టి మారుతుండడం, ఇవన్నీ కొట్టెయ్యండి.

కొలతలు? గోధుమగొంతుది సుమారు 42 నుంచి 80 సెంటీమీటర్ల పొడవు, రెండుంపావు నుంచి ఆరు కిలోలకి పైచిలుకు బరువు. లేతగొంతుది సుమారు 45 నుంచి 75 సెంటీమీటర్లు, మూడు నుంచి ఆరున్నర కిలోలు. ఒకదాని కొలత రెండోదాని కొలతలో దాదాపు ఇమిడిపోతోంది చూశారా. నాలుగు కిలోల స్లాత్‌ని మీ చేతిలో పెడితే బరువుని బట్టి ఏదని చెప్తారు? చెప్పలేరు. ఇలా ఒకదాని మీద ఒకటి పడే కొలతలు తేడా కింద లెక్క కాదు. పరీక్ష పేపర్లలో ‘ఇది పెద్దది, అది చిన్నది’ అని రాసేస్తుంటారు. ఎంత పెద్దది, అన్నీ అంత పెద్దవేనా అని అడిగితే జవాబుండదు. ఇదీ కొట్టెయ్యండి.

ఇప్పుడు పేజీ చూసుకోండి. దాదాపు ఖాళీ. అలాగే ఉండాలి.

మూడో మెట్టు: వేషాల్ని పట్టుకోండి

మిగిలినవాటిలో కొన్ని తేడాల్లాగే కనబడతాయి గానీ, అవి జాతుల మధ్య తేడాలు కావు. ఒకే జాతిలో ఆడకీ మగకీ, పిల్లకీ పెద్దకీ, వానాకాలానికీ ఎండాకాలానికీ ఉండే తేడాలు. నన్ను ముంచింది ఇదే. ఆ నారింజ మచ్చని శాస్త్రజ్ఞులు ‘స్పెక్యులమ్’ అంటారు, అద్దం అని అర్థం. ఎదిగిన మగ స్లాత్‌కి భుజాల మధ్య వెంట్రుకలు పొట్టిగా ఉండి ఆ మచ్చ తేలుతుంది. గోధుమగొంతు మగదానికీ ఉంటుంది, లేతగొంతు మగదానికీ ఉంటుంది. మచ్చ ఆకారం ఒక్కో మగదానికి ఒక్కోలా ఉంటుంది కూడా. అంటే అది ‘నేను మగ’ అని చెప్తోంది. ‘నేను ఫలానా జాతి’ అని చెప్పడం లేదు. నేను అడగని ప్రశ్నకి అది జవాబిస్తే, నేను అడిగినదానికే ఇచ్చిందనుకున్నాను.

రెండో వేషం ఆకుపచ్చ. దీని దగ్గర కాస్త ఆగుదాం, నాకిష్టమైన విషయం. వానలు బాగా పడే అడవిలో స్లాత్ ఒళ్లు పాచిపట్టిన రేవు మెట్టులా కనబడుతుంది. అది వెంట్రుక రంగు కాదు, నిజంగా పాచే. మూడువేళ్లదాని పైవెంట్రుకని భూతద్దం కింద పెడితే అడ్డంగా పగుళ్లు కనబడతాయి. ఎండలో పడేసిన కొబ్బరి మట్ట చీలినట్టు ఉంటాయవి. ఆ పగుళ్లలో తడి నిలుస్తుంది, తడిలో నాచు పెరుగుతుంది. ఆ జుట్టులోనే చిన్న చిమ్మట పురుగులు కాపురం ఉంటాయి. స్లాత్ వారానికోసారి చెట్టు దిగినప్పుడు అవి దాని పేడలో గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు పేడలో పెరిగి, రెక్కలొచ్చాక మళ్లీ ఏదో ఒక స్లాత్ ఒంటి మీదికి ఎగిరిపోతాయి. ఒక్క జంతువు వీపు మీద ఊరంతా ఉందన్నమాట.

అందుచేత ‘ఒకటి పచ్చగా ఉంది, ఒకటి బూడిదగా ఉంది’ అని రాస్తే, ఏది ఎక్కువ తడిసిందో రాసినట్టే అవుతుంది. కాలవలోంచి లేచిన గేదెని, ఒళ్లు ఆరిన గేదెని చూసి రెండు జాతులంటామా?

కాబట్టి ఏ లక్షణం దొరికినా మూడు ప్రశ్నలు వెయ్యండి. ఇది ఆడకీ మగకీ ఒకేలా ఉందా? వయసుతో మారుతుందా? కాలంతో, తడితో, మురికితో మారుతుందా? గొడ్లకొంగ నారింజ తల మూడో ప్రశ్న దగ్గర పడిపోతుంది. నా చార్టు మొదటి ప్రశ్న దగ్గరే పడిపోయింది.

నాలుగో మెట్టు: మిగిలినదాన్ని దగ్గర్నుంచి చూడండి

ఇంత వడకట్టాక బయటి నుంచి కంటికి దొరికేది ప్రధానంగా ఒక్కటే. గొంతు, దానితో పాటు ముఖం.

లేతగొంతుదాన్ని ఎదుటి నుంచి చూడండి. పేరంటంలో గొంతుకి గంధం పూస్తారు కదా, ఆ పూత ఆరాక ఎలా ఉంటుందో అదే రంగు. లేత పసుపు గొంతు మీదా ముఖం మీదా ఉంటుంది. మిగతా ఒళ్లు నలుపు కలిసిన బూడిద రంగు, అక్కడక్కడ ముదురు మచ్చలు. పక్కన ముదురు రంగు ఉండడంతో గంధం మరింత తేలుతుంది.

గోధుమగొంతుదానికి గొంతు, చెంపలు, నుదురు కొబ్బరి పీచు రంగు. పాత పీచు, వానకి తడిసి ముదిరినది అనుకోండి. ముఖం మధ్య భాగం మాత్రం లేత రంగులో ఉంటుంది, కళ్ల కింద నల్లటి చార చెంపల వైపు సాగుతుంది. ఏడ్చిన పిల్ల కాటుక పక్కకి చెరిపేసుకున్నట్టు ఉంటుంది. ముఖం లేత రంగులో ఉంది కదా అని కంగారుపడి లేతగొంతు అనేస్తారు చాలామంది. ముఖం మధ్యలో ఆగిపోకండి. గడ్డం కింద ఏముందో చూడండి. తల పైకెత్తిన బొమ్మ దొరికేదాకా ఆగండి. స్లాత్‌తో అదొక సుఖం, ఎంతసేపు ఆగినా ఎక్కడికీ పోదు.

మ్యూజియంలో పుర్రె చేతికి దొరికేవాళ్లు ముక్కు దారి లోపలి చిన్న రంధ్రాలు కూడా పరిశీలిస్తారు. చివరి తీర్పు కోసం జన్యు పరీక్షలూ చేస్తారు. గట్టు మీద నిలబడేవాళ్లకి ఆ సౌకర్యం ఉండదు కాబట్టి మనం గొంతుతోనూ, ఇప్పుడు చెప్పబోయే దాంతోనూ సరిపెట్టుకోవాలి.

ఐదో మెట్టు: ఏ గట్టుది?

కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వైపు దాటేటప్పుడు చూడండి, కొంగలు గౌతమిని అసలు ఖాతరు చెయ్యవు. ఉదయం ఈ గట్టు, సాయంత్రం ఆ గట్టు. రెక్కలున్నదానికి నది సరిహద్దు కాదు. చెట్టు మీద పుట్టి చెట్టు మీద బతికేదానికి మాత్రం నది పెద్ద గోడ.

లేతగొంతు స్లాత్ ఉండేది గయానా, సురినామ్, ఫ్రెంచ్ గయానా, వెనిజులా తూర్పు భాగం, బ్రెజిల్‌లో అమెజాన్‌కి ఉత్తరాన ఉన్న అడవులు. అంటే దక్షిణ అమెరికా ఖండానికి ఈశాన్య మూల. గోధుమగొంతుదాని ఆస్తి చాలా పెద్దది. మధ్య అమెరికాలో హోండురస్ దగ్గర మొదలై కోస్టారికా, పనామా మీదుగా కొలంబియా, ఈక్వడార్, పెరూ, బొలీవియా, బ్రెజిల్ దాకా పోతుంది. నోటుబుక్కులో చేతికొచ్చినట్టు దక్షిణ అమెరికా బొమ్మ గీసి, ఈశాన్య మూలలో చిన్న ముక్కకి గంధం రంగు, నేను చెప్పిన మిగతా దేశాల్లోని పెద్ద ముక్కకి పీచు రంగు వేసుకోండి. అట్లాసు చూసి గీస్తే ఇంకా మంచిది. ఈ బొమ్మ మీకు గొంతు రంగు కంటే ఎక్కువసార్లు పనికొస్తుంది.

మీకు ఇక్కడ అనుమానం రావాలి. స్లాత్‌కి ఈత బాగా వచ్చు, నేల మీద ఈడ్చుకుంటూ పోయేది నీళ్లలో చురుగ్గా సాగుతుంది. మరి నది గోడ ఎలా అయింది? రాజమండ్రి దగ్గర రైల్లో గోదావరి దాటినవాళ్లు ఆ వెడల్పు ఒకసారి గుర్తుచేసుకోండి, టీ తాగడం పూర్తయినా వంతెన పూర్తి కాదు. దిగువ అమెజాన్ కూడా కిలోమీటర్ల కొద్దీ వెడల్పు ఉంటుంది. వరద నీళ్లలో చెట్టు నుంచి చెట్టుకి ఈదడం వేరు, ఆ ప్రవాహానికి అడ్డంగా పోవడం వేరు. ఎప్పుడో ఒకటి దాటినా, అవతల కాపురం నిలబడాలి కదా.

చోటు మంచి సాక్ష్యమే, అయితే ఒక షరతు ఉంది. జంతువు తనంతట తాను అక్కడ ఉండాలి. జూలో బోనులో ఉన్నదానికి చోటు సాక్ష్యం చెప్పదు. రైతుబజారులో కనబడిన పనసకాయని చూసి అది ఆ బజారులోనే కాసిందనం కదా.

పేర్ల సంగతి

ఇదొక పిట్టకథ, వద్దనుకునేవాళ్లు దాటెయ్యొచ్చు. 1758లో, జీవులకి రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తన పుస్తకంలో స్లాత్‌లకి బ్రాడిపస్ అని పేరు పెట్టాడు. నెమ్మది కాళ్లది అని అర్థం. దాని కింద రెండు జాతులు రాశాడు, మూడువేళ్లది ట్రైడాక్టైలస్, రెండువేళ్లది డిడాక్టైలస్. రెండువేళ్లదాన్ని 1811లో వేరే ప్రజాతిలోకి, అంటే దగ్గరి జాతుల ఇంకో గుంపులోకి, మార్చారు. ట్రైడాక్టైలస్ పేరు మన లేతగొంతుదానికి మిగిలింది. ఇప్పుడు ఆలోచించండి, ‘మూడువేళ్లది’ అనే మాట దానికి గుర్తింపు అవుతుందా? దాని ఇంట్లో అందరికీ మూడువేళ్లే. ఊళ్లో నలుగురు సత్యనారాయణలుంటే ఒకరిని మాత్రమే సత్యనారాయణ అని పిలిచి మిగతావాళ్లకి కొత్త పేర్లు పెట్టినట్టుంది.

1825లో షింజ్ అనే స్విస్ శాస్త్రవేత్త మన గోధుమగొంతుదానికి వేరిగేటస్ అని పెట్టాడు. రకరకాల రంగులది అని అర్థం. ఈ పేరు కాస్త నిజాయితీగా ఉంది. అంత పెద్ద ప్రాంతంలో పరుచుకున్న జంతువు ఒకే రంగులో ఉండదని పేరులోనే హెచ్చరిక ఉంది. ఈ రెండింటినీ ఒకదానికొకటిగా పొరబడడం తరచూ జరిగింది. అందుకని ఎక్కడైనా పాత బొమ్మ కింద ఏ పేరున్నా, ముందు పేరుని అరచేత్తో మూసి బొమ్మ చూడండి. పేరు అంటించినవాడు నాలాంటివాడు కావచ్చు.

ఆరో మెట్టు: కీ రాయడం

చూసినదంతా రెండేసి దారుల ప్రశ్నలుగా రాయడాన్ని ‘కీ’ అంటారు. ఒక్కో ప్రశ్నకి రెండే జవాబులు, ఒక్కో జవాబు ఇంకో ప్రశ్నకి గానీ పేరుకి గానీ పంపాలి. నేను రాసింది ఇదీ:

1. ముందు చేతికి రెండు గోళ్లు: రెండువేళ్ల స్లాత్, ఆగండి. మూడు గోళ్లు: 2కి వెళ్లండి.
2. మెడ, భుజాల మీద నల్లటి పొడవాటి జూలు: జూలు స్లాత్, బ్రెజిల్ తూర్పు తీరపు అడవుల్లోది. జూలు లేదు: 3కి వెళ్లండి.
3. గొంతు లేత పసుపు: లేతగొంతు. గొంతు గోధుమ రంగు: గోధుమగొంతు. ఏ అడవిదో తెలిస్తే దేశపటంతో సరిచూడండి.

తోబుట్టువుల గురించి చెప్తానన్నాను. జూలు స్లాత్ ఒకటి, కీలోనే వచ్చింది. పనామా తీరానికి అవతల ఎస్కుడో దె వెరాగ్వాస్ అనే చిన్న దీవిలో మరగుజ్జు స్లాత్ ఒకటి ఉంది. దాన్ని వేరే జాతిగా గుర్తించింది 2001లోనే. ఆ దీవి బొమ్మ అయితే నా కీ మూడో ప్రశ్న దగ్గర తప్పు చెప్తుంది. చూశారా, కీ రాసిన మరునిమిషమే కన్నం బయటపడింది. ఆ కన్నం పూడ్చడానికి ఇంకో ప్రశ్న ఎక్కడ చేర్చాలో మీరే రాయండి. ఒక సూచన, అది చోటు గురించిన ప్రశ్న కావచ్చు.

రాసేటప్పుడు ‘కొంచెం’, ‘కాస్త’, ‘ఎక్కువగా’ అనే మాటలు వాడకండి. ‘గొంతు కాస్త లేతగా ఉంటుంది’ అంటే, దేనికంటే? ఒక్క జంతువునే చూస్తున్నవాడికి పోల్చుకోవడానికి రెండోది ఎదురుగా ఉండదు కదా.

అభ్యాసం

నాలుగు బొమ్మలు వర్ణిస్తాను. జవాబు రాసి, ఏ మెట్టు మీద తేలిందో కూడా రాయండి.

ఒకటి. కోస్టారికా అడవిలో తీసిన ఫొటో. స్లాత్ వీపు మాత్రమే కనబడుతోంది, నారింజ మచ్చ, నల్ల చార. ఒక చెయ్యి కొమ్మ మీద ఉంది, మూడు గోళ్లు.

రెండు. సురినామ్‌లో చెట్టు మీద. ఒళ్లంతా పచ్చగా పాచి. తల పైకెత్తింది, గొంతు గంధం రంగు.

మూడు. ఎక్కడిదో తెలీదు. వెనక కాలు కనబడుతోంది, మూడు గోళ్లు. ముఖం ఆకుల చాటున.

నాలుగు. ఒక జూలో, బోను మీద బోర్డు లేదు. చేతికి మూడు గోళ్లు. వీపు మన వైపు, నారింజ మచ్చ ఉంది.

మొదటిదానికి జవాబు గోధుమగొంతు, అదీ మగది. గొంతు కనబడకపోయినా చోటు చెప్పింది, కోస్టారికా అడవుల్లో మూడువేళ్లది అదొక్కటే. మచ్చ ఆడా మగా అన్నదే చెప్పింది. రెండోదానికి లేతగొంతు, గొంతూ చోటూ రెండూ ఒకే మాట మీద ఉన్నాయి. పాచి గురించి రాసినవాళ్లకి మార్కులు కొయ్యను గానీ, జవాబులో దాని ఊసు అక్కర్లేదు. మూడోది స్లాత్ అనే మాట దాటి ఒక్క అడుగు వెయ్యలేం, ఎందుకో మొదటి మెట్టు చూడండి.

నాలుగోదానికి జవాబు మీరే రాయాలి. ‘మగది, జాతి చెప్పలేను’ అని రాయడానికి మొహమాటపడకండి. నోటుబుక్కులో ‘చెప్పలేను’ అన్న మాట కనబడితే నాకు సంతోషం. నా చార్టు మీద ఆ ఒక్క మాట రాసి ఉంటే అది ఇప్పటికీ గోడ మీదే ఉండేది, ఆవకాయ జాడీల కిందికి పోయేది కాదు.

వచ్చే పాఠం నీటికాకుల మీద. పంటు ఎక్కేవాళ్లు, రొయ్యల చెరువుల పక్కనుంచి వెళ్లేవాళ్లు చూడండి. వెదురు గెడల మీద రెక్కలు ఆరేసుకుని కూర్చుంటాయి. ముక్కు పొడవుని తల పొడవుతో పోల్చి, పొట్టిగా మందంగా ఉందో, పొడవుగా సన్నగా ఉందో రాసుకురండి. రంగు మాత్రం రాయకండి.